ఎండకు లెక్క ఉంది, పూతకు లేదు

నూజివీడులో మార్చి నెలలో ఎండ సంగతి ఎత్తితే మాట ఎండ దగ్గర ఎక్కువసేపు నిలవదు. పిందె ఎంత రాలింది, పూత మీద తోట కొన్న వ్యాపారి బేరానికి కట్టుబడతాడా, నున్న మార్కెట్‌కు మొదటి లారీ ఎప్పుడు వెళ్తుంది అన్నదాని మీదికి మళ్ళిపోతుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు రసాలో బంగినపల్లో మామిడితోట ఉన్నవాళ్ళకు ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఏమవుతుందో ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా "ఈ ఏడు ఎండలు ముందే వచ్చాయి" అన్న మాటకు రుజువు కావాలంటే వాళ్ళు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న గన్నవరం విమానాశ్రయం వైపు చూడాలి. టీవీ తెర అడుగున 'విజయవాడ' పేరుతో పరిగెత్తే అంకె చాలాసార్లు అక్కడిదే.

గన్నవరమైనా, బందరైనా, రేడియో రోజుల నుంచీ వేసవి వార్తల్లో తెలుగువాళ్ళందరికీ పరిచయమైన రెంటచింతలైనా, ఆ అంకె పుట్టే చోటు ఒక్కతీరుగానే ఉంటుంది. చుట్టూ కంచె, లోపల ఖాళీ స్థలం, మధ్యలో కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లరంగు చెక్కపెట్టె. నాలుగు పక్కలా వాలు పలకలు. గాలి ఆడుతుంది, ఎండ పడదు. తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది. పేరు స్టీవెన్సన్ స్క్రీన్. 1860లలో దీన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లండ్‌లో దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు, 'ట్రెజర్ ఐలండ్' రాసిన రచయితకు తండ్రి. లోపల థర్మామీటర్లు నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటాయి. హనుమాన్ జంక్షన్ దగ్గర కారులో 46 చూసి, సాయంత్రం వార్తల్లో 42 విని, ప్రభుత్వం తగ్గించి చెబుతోందని కోప్పడేవాళ్ళు ప్రతి వేసవిలోనూ కనిపిస్తారు. కారు చెప్పేది కాగిన తారురోడ్డు మీది గాలి సంగతి. పెట్టె చెప్పేది నీడలో ఆడే గాలి సంగతి. ఇందులో ఎవరి అబద్ధమూ లేదు.

పెట్టె తలుపు తీస్తే నాలుగు థర్మామీటర్లు కనిపిస్తాయి. నిలువుగా ఉన్న రెండింటిలో ఒకటి పొడిది, రెండోది బల్బుకు మస్లిన్ గుడ్డ చుట్టి వత్తితో నీళ్ళు అందించే తడిది. ఆ రెండింటి తేడాను బట్టే గాలిలో తేమ లెక్క తేలుతుంది. గుడ్డకు దుమ్ము పట్టిందా, లెక్క చెడుతుంది. అడ్డంగా ఉన్నవి గరిష్ఠానికి ఒకటి, కనిష్ఠానికి ఒకటి. గరిష్ఠం చూపే దానిలో బల్బు పైన చిన్న ఇరుకు ఉంటుంది. ఎక్కిన పాదరసం తనంతట తాను దిగదు. కనిష్ఠం చూపే దానిలో స్పిరిట్ ఉంటుంది, అందులో ఒక సన్నని సూచిక. రాత్రి చలికి స్పిరిట్ వెనక్కి జరుగుతూ సూచికను తనతో లాక్కెళ్ళి, పొద్దెక్కాక దాన్ని అక్కడే వదిలేసి ముందుకు పోతుంది.

పరిశీలకుడు కంటిని గీత మట్టానికి తెచ్చి ముందు దశాంశం చదువుతాడు, తర్వాతే పూర్తి అంకె. తలుపు తీసి నిలబడిన మనిషి ఒంటి వేడికీ, ఊపిరికీ మొదట కదిలేది ఆ దశాంశమే కదా! ఈ కాలమ్ రాసేవాడికి ఈ పనిలో అన్నిటికన్నా నచ్చిన మర్యాద ఇది. రాసుకోవడం అయ్యాక గరిష్ఠపు థర్మామీటరును విదిలించి, కనిష్ఠపు దాన్ని వంచి సూచికను సర్ది, తలుపు వేస్తారు. పొద్దున 8:30కి, సాయంత్రం 5:30కి, పండగైనా పబ్బమైనా ఇదే వరస. వాన కొలిచేది పొద్దున 8:30కే. అందువల్ల సాయంత్రం గాలిదుమారంతో పడిన వాన రిజిస్టరులో మర్నాటి తేదీ కింద ఉంటుంది. పంట నష్టం కాగితాల మీద తేదీల పేచీ వస్తే ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఈ వరసకు తెలుగునాట పాత చరిత్రే ఉంది. విశాఖపట్నంలో జమీందారు గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లోని తన ఆవరణలో 1840లలోనే నక్షత్రశాల నడిపాడు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని అందుకుని, 1892లో తాను కన్నుమూసేదాకా నిలబెట్టాడు. 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కడి నుంచి గమనించి లండన్‌కు రాసి పంపాడు. పేరు తెచ్చింది ఆకాశమే అయినా, వాన, వేడి, గాలి లెక్కలు రాసిపెట్టడంలోనూ ఆయనది అంతే పట్టుదల. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంతకు ముందు నుంచీ ఒక తెలుగు ఇంట్లో ఈ లెక్క సాగుతోందన్నమాట. గ్రహణాలకు సాక్షులు చాలామందే దొరుకుతారు. ఏ విశేషమూ లేని మంగళవారం నాటి కనిష్ఠ ఉష్ణోగ్రత రాసే ఓపిక అరుదు.

ఆ మామూలు రోజులన్నీ పోగుపడితేనే 'సాధారణం' అన్నది తయారవుతుంది. 30 ఏళ్ళ సగటును సాధారణంగా పెట్టుకుని, "సాధారణం కన్నా 3 డిగ్రీలు ఎక్కువ" అంటారు. మైదాన ప్రాంతంలో గరిష్ఠం కనీసం 40 ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు. తీరంలో 37 చాలు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇదివరకు 1981–2010 సగటు వాడేవారు, ఇప్పుడు 1991–2020 సగటు. కొలబద్దే వేడెక్కింది. ఈ ఏడాది "సాధారణం" అని రాసిన రోజు పాత పట్టికలో చూస్తే "కాస్త ఎక్కువ" కిందికి రావచ్చు. పోల్చడానికి దొడ్డ లెక్క 1901 నుంచి ఉంది: దేశం మొత్తం మీద గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటులో 2022 మార్చి, 2023 ఫిబ్రవరి ఆ నెలలకు అన్నిటికన్నా వేడివి. 2024 మొత్తం ఏడాదిగానే రికార్డు. 2002 మే నెలలోనూ, 2015 మే నెలలోనూ ఆంధ్రదేశంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు పోయారు. గరిష్ఠం గడి మీదే అందరి కళ్ళూ ఉండటంలో తప్పేమీ లేదు.

మామిడి కథ మాత్రం పక్కనున్న కనిష్ఠం గడిలో ఉంటుంది. చెట్టు పూయాలంటే వానలు వెనక్కి తగ్గి నేల కాస్త ఆరాలి, రాత్రులు 20 డిగ్రీల లోపుకు దిగి కొన్ని వారాలు నిలవాలి. రాత్రి చల్లబడకపోయినా, నేలలో తడి ఆరకపోయినా, పూతగా రావలసిన మొగ్గ చిగురుగా విచ్చుకుంటుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను లాంటిది వస్తే, సరిగ్గా ఆరాల్సిన సమయంలో నేల తడిసిపోతుంది. పూత వచ్చాక కథ ఇంకో మలుపు తిరుగుతుంది: మబ్బు, మంచు పట్టుకుంటే తేనెమంచు పురుగు, బూడిద తెగులు, ఉన్నట్టుండి ఎండ ముదిరితే పిందె రాలడం, టెంక ముదిరాక ఈదురుగాలి. నూజివీడు రైతుకు డిసెంబరు, జనవరి నెలల కనిష్ఠ ఉష్ణోగ్రత మే నెల గరిష్ఠం కన్నా విలువైన వార్త. పత్రికలు దానికి ఒక్క వాక్యం కూడా ఇవ్వవు. కాలమ్ రాసేవాళ్ళూ తక్కువ తినలేదు.

రైతుకు సొంత పట్టిక లేకపోలేదు. కార్తెలున్నాయి. ఏప్రిల్ మధ్యలో అశ్వని, తర్వాత భరణి, కృత్తిక, మే నెలాఖరుకు రోళ్ళు పగిలే రోహిణి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోవాలి. తరాల అనుభవాన్ని ఇంత పొందికగా దాచిన పద్ధతి ఇంకోటి దొరకడం కష్టం. అయితే కార్తె నక్షత్రాలను బట్టి నడుస్తుంది, రుతువు సూర్యుడి వాలును బట్టి నడుస్తుంది. రెండింటికీ సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు తేడా పడుతుంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. ఇప్పుడు 14కో 15కో వస్తోంది. అంటే పంచాంగం మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఎండ ముందుకు దూకుతోంది. "కార్తె తప్పింది" అని పెద్దవాళ్ళు విసుక్కోవడంలో నిజం ఉంది, కాకపోతే వాళ్ళనుకున్న దానికన్నా కాస్త చిక్కు నిజం.

ఇప్పుడు మండలాల్లో సోలార్ పలకతో, సన్నని స్తంభంతో స్వయంచాలిత కేంద్రాలు వెలిశాయి. అంకెలు మనిషి లేకుండానే చేరిపోతున్నాయి. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చాక పాత థర్మామీటర్లకూ రోజులు దగ్గరపడ్డాయి. కొత్తదీ పాతదీ కొంతకాలం పక్కపక్కనే పనిచేయకపోతే, ఎండ మారిందో పరికరం మారిందో తర్వాత ఎవరూ తేల్చలేరు. చోటు కూడా ముఖ్యమే. చెట్టు నీడా, గోడ వేడీ తగలని ఖాళీ జాగా ఉండాలి. మామిడి సీమలో చెట్టు లేని జాగా వెతకడం చిన్న పనేమీ కాదు! తోట లోపలి గాలి ఎలాగూ వేరు. దానికి ఈ కేంద్రాలు జవాబుదారీ కావు.

ఇన్ని గడుల్లోనూ పూత మొదలైన తేదీకి చోటు లేదు. క్యోటోలో చెర్రీ పూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి డైరీల్లో దొరికాయి. యసుయుకి అఓనో అనే పరిశోధకుడు వాటిని పోగేసి పెట్టడం వల్లనే, 2021 మార్చి 26న వచ్చిన నిండు పూత అప్పటికి పన్నెండు వందల ఏళ్ళలో అన్నిటికన్నా ముందుదని చెప్పగలిగారు. థర్మామీటరే లేని కాలానికి పువ్వు సాక్ష్యం చెప్పింది. జపాన్ వాతావరణ సంస్థ నేటికీ నమూనా చెట్లు పెట్టుకుని, కొమ్మ మీద ఐదారు పువ్వులు విచ్చాకే పూత మొదలైందని ప్రకటిస్తుంది. టోక్యో చెట్టు యసుకుని మందిరం ఆవరణలో ఉంది.

నూజివీడుకూ అలాంటి చెట్టు ఒకటి కావాలన్నది ఈ కాలమ్ వాదన. ఇక్కడ మామిడి పరిశోధన కేంద్రం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. రాసేవాళ్ళకు కొదవ లేదు. చిక్కంతా చెట్టును ఎంచడంలోనే. పూత తెప్పించే కల్టార్ మందు పోసిన చెట్టు పనికిరాదు, అది చలి మాట వినదు, మందు మాట వింటుంది. 13-0-45 ఎరువు పిచికారీ చేసిన తోటదీ అదే గతి. ఆ మధ్యే కొమ్మలు కొట్టినదీ వద్దు, డ్రిప్పు కింద ఉన్నదీ వద్దు. చిన్నరసమా బంగినపల్లా అన్న తగువు ఎలాగూ తప్పదు గనక రెండు రకాలకూ ఒక్కో చెట్టు పెట్టుకుంటే పోతుంది. ఏ ఎరువూ మందూ ఎరగక, కాసిన ఏడు కాసి మానేసిన ఏడు మానేసే ముసలి చెట్లు గట్ల మీదా, గుడి దగ్గరా, బడి ఆవరణలోనూ ఇంకా కొన్ని ఉన్నాయి. కౌలుకు ఎవరూ అడగనివి ఈ పనికి సరిగ్గా సరిపోతాయి.