లక్షకు కామా ఎక్కడ?

ఒక మొత్తాన్ని 10,000,000 అని రాసి చూపిస్తే అది కోటి అని ఒక్క చూపులో చెప్పగలవాళ్లు మనలో తక్కువ. ఒకట్లు, పదులు, వందలు అనుకుంటూ కుడినుంచి వేలు జరుపుకుంటూ రావాల్సిందే. 1,00,00,000 అని ఉంటే ఆ అవస్థ లేదు. కానీ పైథాన్‌ని కామాలు పెట్టి చూపించమంటే మొదటి రూపమే ఇస్తుంది. 2009లో పెప్ 378 అనే ప్రతిపాదనతో భాషలోకి వచ్చిన ఈ సదుపాయానికి మూడేసి అంకెల లెక్క తప్ప మరొకటి తెలియదు.

తమాషా ఏమిటంటే, 3.6 వెర్షన్ నుంచి అదే పైథాన్‌లో అంకెల మధ్య అండర్‌స్కోర్ పెట్టి 1_00_00_000 అని రాసుకోవచ్చు. మనం రాసేటప్పుడు కోటిని ఒప్పుకుంటుంది, తను చూపించేటప్పుడు ఒప్పుకోదు!

దాంతో చాలామంది సొంతంగా ఓ ఫంక్షన్ రాసేస్తారు. చివరి మూడు అంకెలు విడదీయడం, మిగతావాటిని రెండేసి చొప్పున కోయడం. ఐదు నిమిషాల పని. మైనస్ వంద రూపాయల బాకీ వచ్చిన రోజున అది "-,100" అని అచ్చవుతుంది. సొంత ఫంక్షన్ మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. పైథాన్‌లో బేబెల్ అనే లైబ్రరీకి భారతదేశపు లొకేల్ చెబితే కామాలు సరిగ్గా పడతాయి. జావాస్క్రిప్ట్‌లోనైతే బయటి లైబ్రరీ కూడా అక్కర్లేదు, టూలొకేల్‌స్ట్రింగ్‌కి అదే లొకేల్ ఇస్తే 12,34,567 వచ్చేస్తుంది. కోరితే ౧౨,౩౪,౫౬౭ అని తెలుగు అంకెల్లోనూ ఇస్తుంది. బిల్లుల మీద వాటిని చదివేవాళ్లు ఎందరున్నారన్నది వేరే సంగతి.

అసలు ప్రమాదం కామా పడిన తర్వాత మొదలవుతుంది. కామా పడ్డాక అది కంప్యూటర్‌కి అంకె కాదు, అక్షరాల వరుస. 1,00,000ని కొటేషన్ గుర్తులు లేకుండా సీఎస్‌వీ ఫైల్లోకి పంపితే మూడు గడులుగా చీలిపోతుంది. పైథాన్‌లో దాన్ని పూర్ణాంకంగా మార్చబోతే కనీసం ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జావాస్క్రిప్ట్‌లోని పార్స్‌ఇంట్ ఆగదు. మొదటి కామా దాకా చదివి, అక్కడితో సరిపెట్టుకుని, 1 అని జవాబిస్తుంది. లక్ష రూపాయలు ఒక్క రూపాయి అవుతాయి. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అపార్ట్‌మెంట్ సంఘం జమాఖర్చులో ఇలాంటిది దొర్లితే కోశాధికారి పరువేం కావాలి?

అందుకే నా స్క్రిప్టుల్లో అంకెకు ముస్తాబు గుమ్మం దాటే ముందే. లోపల ఉన్నంతసేపూ డబ్బును పైసల్లో, పూర్ణాంకంగా ఉంచుతాను. దశాంశాలుగా ఉంచితే మరో తంటా. 2.675ను రెండు దశాంశాలకు చూపించమంటే పైథాన్ 2.67 అంటుంది, మనం 2.68 కోసం చూస్తుంటాం. తప్పు దానిది కాదు. బైనరీలో ఆ విలువ 2.675కి వెంట్రుకవాసి తక్కువగా నిలవ ఉంటుంది. పైసా తేడాకు కూడా ఆడిటర్ ఊరుకోడు కదా.

మీ స్క్రిప్టులో కామా ఉన్న అంకెను తిరిగి లెక్కలోకి లాగుతున్న చోటు ఉందేమో ఈ వారం ఒకసారి వెతికి చూడండి. జనం చేతికిచ్చే బిల్లు మీద మాత్రం కామా లక్షల దగ్గరే పడనివ్వండి.