నాచు బరువుకు తగ్గ గాలం

అట్లాంటాలో నాకు తెలిసిన తెలుగు కుర్రాళ్లు కొందరు ఈమధ్య బాస్ చేపల వేటలో పడ్డారు. రాడ్ కొనేముందు ఫోన్ చేసి అందరూ ఒకటే అడుగుతారు: “అన్నా, ఎన్ని పౌండ్ల చేపకు ఎన్ని పౌండ్ల లైను కావాలి?” మామూలుగా దొరికే బాస్ రెండు మూడు పౌండ్లుంటుంది. అయిదు దాటితే సంబరమే. 1932లో ఈ జార్జియాలోనే జార్జ్ పెర్రీ పట్టిన చేప 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా పట్టిన చేప దానికి సమఉజ్జీగా రికార్డుకెక్కింది. ప్రపంచ రికార్డే అంతయితే నేను చెప్పే 65 పౌండ్ల లైను ఎందుకని వాళ్ల సందేహం. ఆ లైను చేప కోసం కాదు, నాచు కోసం అని చెబుతాను. చెప్పినప్పుడు ఎవరూ నమ్మరు. ఒకసారి ఆగస్టు నెలాఖరులో గంటర్స్‌విల్‌కు తీసుకెళ్తే నమ్ముతారు.

గంటర్స్‌విల్ అలబామాలో ఉంది. టెన్నెసీ నది మీద 1939లో పూర్తయిన డ్యామ్ వెనక దాదాపు 70 వేల ఎకరాల సరస్సు. ఎండాకాలం ముదిరేసరికి మిల్ఫాయిల్, హైడ్రిల్లా అనే నాచు మొక్కలు నీటి అడుగు నుంచి లేచి పైకంటా వచ్చి పరుచుకుంటాయి. వాటి మీద పాచి చేరి తెట్టు కడుతుంది. కొన్నిచోట్ల కొంగలు దానిమీద నిలబడి వేటాడుతుంటాయి. హైడ్రిల్లా మన చెరువుల్లో ఎప్పటినుంచో పెరిగే మొక్కే. 1950ల్లో అక్వేరియం వ్యాపారులతో ఫ్లోరిడా చేరి, అక్కడి నీళ్లలో పడి, దక్షిణాది రాష్ట్రాల్లోకి పాకింది. సరస్సు ఒడ్డున ఇళ్లున్నవాళ్లకు అదో పీడ. బాస్‌కు మాత్రం అది పందిరి. పైన తెట్టు, కింద చల్లని ఖాళీ. ఆ నీడలో బ్లూగిల్ అనే చిన్న చేపలు ఆకుల అడుగున పురుగుల్ని పొడుచుకు తింటుంటాయి. మోటారు ఆపి చెవి ఒగ్గితే టప్ టప్ మని సన్నని చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడున్న చోటే ఆగాలి. బ్లూగిల్ ఉన్నచోట వాటికోసం కాచుకున్న బాస్ కూడా ఉంటుంది.

తెట్టు కింద కొక్కెం తగిలిన బాస్ పైకి ఎగరదు, నాచు వేళ్లలోకి దూరుతుంది. తల తిప్పిన ప్రతిసారీ మరికొంత నాచు చుట్టుకుంటుంది. చివరికి పడవ దగ్గరికి వచ్చేది చేపలా కనబడదు. పచ్చటి తడి ముద్ద, అందులోంచి ఓ తోక. మూడు పౌండ్ల చేపకు పది పౌండ్ల నాచు తోడొస్తుంది. రాడ్ మోయాల్సింది ఆ మొత్తాన్ని.

అందుకే ముందు లైను సంగతి తేల్చుకోవాలి. నైలాన్ సాగుతుంది. ముప్ఫై గజాల దూరంలో చేప కొరికితే మన లాగుడంతా ఆ సాగడంలోనే పోయి, కొక్కెం దవడలో దిగదు. నేసిన లైను, అందరూ బ్రెయిడ్ అనేది, దాదాపు సాగదు. 65 పౌండ్ల బ్రెయిడ్ సుమారు 16 పౌండ్ల నైలాన్ లైనంత లావే ఉంటుంది. అంత సన్నగా, గట్టిగా ఉండబట్టే బిగిసినప్పుడు హైడ్రిల్లా కాడల్ని కోసుకుంటూ వస్తుంది. తేటనీళ్లలో చేపకు అది కనబడుతుందన్న మాట నిజమే. తెట్టు కింద ఆ బెంగ అక్కర్లేదు, పైనున్న లైనును చూసే వీలు చేపకు లేదు.

తెట్టు పైన వేసే ఎర బోలు కప్ప. మెత్తటి ప్లాస్టిక్ ఒళ్లు, వీపును కరుచుకుని పైకి తిరిగిన రెండు కొక్కేలు. చేప నోట పడి ఒళ్లు నొక్కుకుపోయినప్పుడే మొనలు బయటపడతాయి, అందాకా నాచులో ఎక్కడా తగులుకోవు. కొత్త కప్పను డబ్బాలోంచి తీసినది తీసినట్టు వాడకూడదని నా అభిప్రాయం. రెండు మొనలనూ పట్టకారుతో వెంట్రుకవాసి పైకి వంచాలి. రబ్బరు పోగుల కాళ్లు పొడుగ్గా ఉంటే చేప కాళ్లనే పట్టుకుని వదిలేస్తుంది కాబట్టి వాటిని కొంచెం కత్తిరించాలి, ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా. అలా చేస్తే ఎర తిన్నగా రాకుండా అటూ ఇటూ తల తిప్పుతూ నడుస్తుంది. కొక్కెం దూరే కన్నంలోంచి కప్ప లోపలికి నీళ్లు చేరతాయి. కొన్ని విసుర్లకోసారి పిడికిట్లో పట్టి నొక్కి పిండాలి. సన్నటి ధార చిమ్ముతుంది, కప్ప మళ్లీ తేలికవుతుంది. నీళ్లు నిండిన కప్ప తెట్టు మీద ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ నడకకు చేప రాదు.

తెట్టు పగిలి నీళ్లు ఎగసినప్పుడు చేతులాగడం అందరికీ కష్టమే. వెంటనే లాగితే ఎర ఎగిరొచ్చి మన ముఖాన పడుతుంది. లైను కదిలి, చేప బరువు చేతికి తెలిశాకే లాగాలి. ఆ తరవాత ఆగకూడదు. ఏడడుగులు దాటిన హెవీ రాడ్, చక్రం ఒకసారి తిప్పితే స్పూలు ఏడెనిమిది సార్లు తిరిగే రీల్ కావాలనేది ఆ క్షణం కోసమే. చేప తల కిందికి తిప్పుకోకముందే దాన్ని తెట్టు మీదికి లాక్కోవాలి. కలువాకుల దగ్గర మాత్రం ఈ జోరు పనికిరాదు. కలువ కాడ నాచు కాడలా తేలిగ్గా తెగదు. దానికి చుట్టుకున్న చేపను లాగేకొద్దీ ముడి బిగుస్తుంది. లైను బిగువు సడలనీయకుండా పడవనే చేప దగ్గరికి నడపాలి.

తెట్టు మరీ మందమై కప్పకు చేపలు స్పందించనప్పుడు దాన్ని చీల్చుకుని కిందికి దిగాలి. దీన్ని పంచింగ్ అంటారు. తుపాకీ గుండు ఆకారపు టంగ్‌స్టన్ బరువు, ఒక ఔన్సు నుంచి రెండు ఔన్సుల దాకా. సీసమైతే చవకే, కానీ టంగ్‌స్టన్ సాంద్రత సీసానికి ఒకటిన్నర రెట్లకు పైనే. అదే బరువు చిన్న కన్నంలో దూరిపోతుంది. కన్నం పడేంత బరువు చాలు. అంతకు మించితే ఎర రాయిలా దిగిపోతుంది, పక్కనున్న చేపకు చూసే వ్యవధి ఉండదు. ఈ పనికి మూలపురుషుడు కాలిఫోర్నియాకు చెందిన డీ థామస్. తుంగ దుబ్బుల సందుల్లో చాలా పొడవైన కర్రలతో ఎర దించి చేపలు పట్టేవాడు. పోటీల్లో అంత పొడుగు రాడ్లు కుదరవన్నారు. 1970ల్లో ఆయన ఏడున్నర అడుగుల రాడ్‌తోనే అదే పని చేసే పద్ధతి తయారుచేసుకున్నాడు. ఎడమచేత్తో లైను గుంజి పట్టి, లోలకంలా ఊపి, ఎరను చప్పుడు లేకుండా సందులో దించడం. ఫ్లిప్పింగ్ అని ఇవాళ ప్రతి దుకాణంలో రాడ్ల మీద కనబడే మాట అక్కడినుంచి వచ్చిందే. చేపను ఓడించాలని కాక, దగ్గరగా, నెమ్మదిగా చేరాలని పుట్టిన పద్ధతి కాబట్టే నాకది ఇష్టం.

సన్నటి లైనుతో చేపను ఆడించి పట్టడమే అసలైన వేట, మోకులాంటి లైనేంటి అనేవాళ్లున్నారు. తేటనీళ్లలో ఆ మాటకు నేనూ తల ఊపుతాను. నాచులో ఒప్పుకోను. లైను తెగితే చేప నోట్లో కొక్కెం, దాని వెనక ఔన్సు బరువు, నాచుకు చుట్టుకున్న తాడు మిగులుతాయి. పట్టి వదిలేద్దామని వచ్చినవాళ్లం, చేపను అక్కడ కట్టేసి పోవడం ఏం న్యాయం? త్వరగా బయటికి తీసి, మొప్పల్లో ఇరుక్కున్న నాచు తడిచేత్తో తీసి, నీళ్లలో వదిలితే దానికి అలసట తక్కువ. పడవ ఒడ్డుకు చేర్చాక ట్రెయిలరుకు అంటిన నాచు కూడా అక్కడే దులపాలి. హైడ్రిల్లా తుంపు ఒక్కటి చాలు, మరో సరస్సు నిండడానికి.

కరీంనగర్‌లో మా మేనల్లుడు ఈమధ్య రబ్బరు కప్పతో కొర్రమీను పట్టడం మొదలుపెట్టాడు. “మామయ్యా, మీ బాస్ సామానే మాకూ పనికొస్తుందా?” అన్నాడు. చాలావరకు వస్తుంది. కాకపోతే కొర్రమీనుకు పళ్లున్నాయి, నోరు గట్టిది. కొక్కెం లావుగా ఉండాలి, ఒక్కో చేప తరవాత లైను చివరి మూరెడూ వేళ్ల మధ్య నడిపి గీరుకుపోయిందేమో చూసుకోవాలి, గీత తగిలితే కోసేసి మళ్లీ ముడేసుకోవాలి. చేపల ఫోటోలు కాదు, చెరువు ఫోటో పంపరా అన్నాను. ఒడ్డు పొడుగునా గుర్రపుడెక్క, దాని అవతల కొన్ని కలువలు. గుర్రపుడెక్క అంచున ఖాళీలున్న చోట వెయ్యమన్నాను. కలువల జోలికి పోవద్దన్నాను, వాడికి పడవ లేదు మరి.