పడుగుతో పాటు నడిచిన బాట

ఇటలీ ఓడరేవు జెనోవాకూ, ఉత్తర ఫ్రాన్సులోని షాంపేన్ కౌంటీకీ, అనగా కౌంట్ అనే సామంత ప్రభువు ఏలిన సీమకూ, పన్నెండు, పదమూడు శతాబ్దాలలో ఏర్పడిన అనుబంధానికి మూలం బట్ట. జెనోవా వర్తకులు మిరియాల వంటి తూర్పు సరుకులతో ఆల్ప్స్ పర్వతాలు దాటి, త్రువా, ప్రోవాఁ, లాన్యీ, బార్-సుర్-ఓబ్ పట్టణాలలో ఏడాదికి ఆరుమార్లు జరిగే సంతలకు చేరి, ఫ్లాండర్స్ ఉన్ని బట్టలు కొని మధ్యధరా రేవులకు పంపేవారు. దారిలో వర్తకులకు రక్షణ కల్పిస్తామన్న కౌంట్ల హామీయే ఆ సంతలకు ఆయువుపట్టు. 1277లో జెనోవా ఓడలు నేరుగా ఫ్లాండర్స్‌కు సముద్రమార్గం పట్టాక ఆ సంతలు క్రమంగా పలచబడ్డాయి.

తెలుగు నేలకు ఇటువంటి బంధమే సూరత్‌తో ఉంది. పదిహేడో శతాబ్దంలో మొగలాయిల ప్రధాన రేవు సూరత్, గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నం. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ ఫ్యాక్టరీలు, అంటే సరుకు కొని నిల్వచేసే వర్తక స్థావరాలు, నెలకొల్పారు. సూరత్ నుంచి గోల్కొండకు, అక్కడి నుంచి మచిలీపట్నానికి సాగే బాటను ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు.

ఇరవయ్యో శతాబ్దంలో బట్టకు బదులు నేతగాళ్లే కదిలారు. తెలంగాణ పల్లెల పద్మశాలీలు సూరత్ మరమగ్గాలకు వలసవచ్చి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడిపింది. అదే నగరంలోని ఉధనాలోనూ మగ్గాల చప్పుడు తెలిసినదే. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు దాని కొసలను మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును వాటితో చేర్చి వేళ్ల మధ్య మెలిపెట్టి అతుకుతారు. ఒక్క పోగు తప్పినా బట్టలో నిలువునా గీత పడుతుంది. మరమగ్గం పేకను తానే నేస్తుంది గాని, ఈ అతుకు పని చాలాచోట్ల నేటికీ చేతులదే.

జెనోవాలో 1154 నుండి నిలిచిన నోటరీ రిజిస్టర్లు, అనగా ఒప్పందాలు రాసిపెట్టే లేఖరుల పుస్తకాలు, వర్తకులను, పెట్టుబడులను చెబుతాయే గాని, నేసిన చేతులను దాదాపుగా పట్టించుకోవు. ఈ లోటు చరిత్రకు చిన్నది కాదు. సూరత్ తెలుగువారి విషయంలో దీనిని పూడ్చే వ్యవధి ఇంకా ఉంది గనుక, ఇంటి పెద్దలు విడిచివచ్చిన ఊరి పేరు, నేర్చిన నేత రకం, సూరత్ చేరిన ఏడు, వారు చెప్పగలిగినప్పుడే ఆయా కుటుంబాలవారు కాగితం మీద పెట్టవలసి ఉన్నది.