తొక్కినవాళ్ళ ప్రార్థన

పోయిన శుక్రవారం రాత్రి మా పేట గ్రౌండులో ఉజ్జీవ సభలకి ఆఖరి రోజు. మైకులు నాలుగు వీధులకీ వినపడేట్టు కట్టారు. వెళ్ళినా ఇంట్లో కూర్చున్నా ఒకటే కనుక వెళ్ళాను. వాక్యం చెప్పినాయనది మంచి గొంతు, కీబోర్డు కుర్రాడిది మంచి చెయ్యి. అంతా బాగానే సాగుతుండగా ప్రసంగం శ్రమల మీదికి మళ్ళింది. "రేపు మెడ మీద కత్తి పెట్టి యేసును ఎరగనని చెప్పమంటే చెప్పం అనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. గ్రౌండంతా చేతులే. పదో తరగతి పిల్లలు రెండేసి ఎత్తారు. అక్కడితో ఆగి ఉంటే ఈ వారం కాలమ్ మాగాయ మీద ఉండేది. ఆయన ఆగలేదు. "కాదన్నవాడు అసలెన్నడూ విశ్వాసి కాడు" అన్నాడు. ఆ ఊపులోనే, సీటు కోసం ఎస్సీ సర్టిఫికెట్ తెచ్చుకుని ఆదివారం గుడికొచ్చేవాళ్ళని కూడా దులిపేశాడు. నా ముందు వరసలో ఒకామె ఎత్తిన చెయ్యి దించి పైట సర్దుకుంది.

కోడి కూయకముందు పేతురు ఏం చేశాడో ఆయనకి తెలియక కాదు. ఆ రాత్రి ఊపుకి అడ్డమొస్తాడని పక్కన కూర్చోబెట్టి ఉంటాడు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా కంఠతా పిచ్చి కొత్త కాదు. ఎక్కాల దగ్గర్నుంచి కీర్తనల దాకా నోటికి రానిది మనది కాదని వాదించి చాలామంది టీచర్లతో తిట్లు తిన్నాను. బైబిలు ఫోన్లోకొచ్చాక మా సండే స్కూల్లో కంఠత వాక్యాలు సగానికి సగం తగ్గించారని ఇక్కడే గొణిగాను. సభ నుంచి ఇంటికి నడుస్తుంటే ఆ పిచ్చే మళ్ళీ తలకెక్కింది. చేతులెత్తడం నేర్పారు సరే, కత్తి నిజంగా వచ్చిన రోజున నోట్లో ఏముంటుంది వీళ్ళకి?

మా అమ్మమ్మది ఫిరంగిపురం దగ్గర పల్లె, ఆర్.సి.ఎం. మా నాన్నవాళ్ళు లూథరన్లు. అందువల్ల మా ఇంట్లో పరలోక ప్రార్థన అందరం కలిసి మొదలెట్టేవాళ్ళం, ఆఖరి ముక్క దగ్గర అమ్మమ్మ ఆగిపోయేది, మిగతావాళ్ళం ముందుకెళ్ళేవాళ్ళం. ఆమెకి అక్షరం ముక్క రాదు. ఉపదేశి సాయంత్రాలు లాంతరు ముందు కూర్చోబెట్టి ఒక్కో మాటా అనిపిస్తే నేర్చుకుంది. విశ్వాస సంగ్రహం, మంగళవార్త జపం, జపమాల రహస్యాలు అన్నీ అలా వచ్చినవే. మిరపకాయలు కోస్తూ జపమాల చెప్పుకునేది. కోతలో పూసలు పట్టుకోవడం కుదరదు కదా, సాల్లోని మొక్కలే లెక్క. మొక్కకొక మంగళవార్త, పదో మొక్క దాటాక త్రిత్వ స్తోత్రం. పక్క సాల్లోవాళ్ళు ముసల్ది సణుగుతోందనుకునేవాళ్ళు. ఒక్క ఉత్తమ మనస్తాప జపం మాత్రం పొలంలో చెప్పేది కాదు. రాత్రి దీపం తగ్గించాక, గోడ వైపు తిరిగి చెప్పుకునేది.

అమ్మమ్మ తలపుకొచ్చినప్పుడల్లా నాకు నాగసాకి గుర్తొస్తుంది. ఈ కాలమ్‌లో నాగసాకి రావడం ఇది మొదటిసారి కాదు, పాత పాఠకులు ఓర్చుకోవాలి.

ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్‌లోని కగోషిమాలో దిగాడు. గోవాలో ఉన్న ఆ భౌతికకాయం ఆయనదే. 1587లో అక్కడి పాలకుడు హిదెయోషి మిషనరీలని దేశం విడిచిపొమ్మన్నాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలోని నిషిజాకా గుట్ట మీద 26 మందిని సిలువ వేశారు. అందులో ఒకడు మనవాడే. ముంబై పక్కన వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా, తల్లి ఇక్కడి మనిషి. 1614లో మతం మీదే దేశమంతటా నిషేధం వచ్చింది. ఊళ్ళలో దాక్కుని తిరిగిన ఫాదర్లలో ఆఖరివాడు కొనిషి మాన్షో. ఆయన్ని 1644లో చంపారు. ఇక పూజ లేదు, పాపసంకీర్తనం వినే మనిషి లేడు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు రాయించుకోవాలి. కాగితం మీద అందరూ బౌద్ధులే.

కాగితంతో పోతే బాగానే ఉండేది. ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ఊరి పెద్ద ఇంట్లో నేల మీద ఒక పలక పెట్టేవారు. దాని మీద సిలువ వేసిన క్రీస్తో, బిడ్డనెత్తుకున్న మరియమ్మో. ఇంటిల్లిపాదీ వచ్చి వట్టి కాళ్ళతో తొక్కి పోవాలి. చంటిపిల్లల పాదాలు కూడా ఆనించేవారు. మొదట్లో కాగితం బొమ్మలు, తర్వాత చెక్కలో బిగించిన లోహపు బిళ్ళలు. అవీ చాలక 1669లో ఇత్తడితో పోత పోయించారు. ఫుమియె అంటారు వాటిని. కొన్ని ఇప్పటికీ టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ఫొటో చూస్తే చేతులు తెలుస్తాయి, సిలువ అంచులు తెలుస్తాయి, ముఖం మాత్రం నున్నగా అరిగిపోయి ఉంటుంది. ముక్కూ కళ్ళూ ఏవో ఉండేవని ఊహించుకోవాల్సిందే.

తొక్కనివాళ్ళని ఏం చేసేవారో షుసాకు ఎండో 1966లో రాసిన 'సైలెన్స్' నవలలో ఉంది. స్కోర్సెసీ 2016లో సినిమా తీశాక అందరికీ తెలిసింది. నేను చెప్పబోయేది తొక్కినవాళ్ళ సంగతి. తొక్కి, ఇంటికెళ్ళి, తలుపు వేసుకుని వాళ్ళొక ప్రార్థన చెప్పుకునేవాళ్ళు. దాని పేరు కొన్చిరిసాన్. మా అమ్మమ్మ గోడ వైపు తిరిగి చెప్పుకున్నదీ అదే కోవ ప్రార్థన. దాని మీద 1603లోనే నాగసాకిలో ఒక చిన్న పుస్తకం వేశారు. ఫాదర్ దొరకని చోట, నిండు మనసుతో పశ్చాత్తాపపడి, దొరికిన రోజున పాపసంకీర్తనం చేసుకుంటానని నిశ్చయించుకుంటే దేవుడు క్షమిస్తాడని అందులో ఉంది. అచ్చు ప్రతులు మంటల్లో పోయినా చేత్తో రాసుకున్న నకళ్ళు, నోటి మాటలు మిగిలాయి. చావు ఇంట్లో బౌద్ధ సన్యాసి సూత్రాలు చదువుతుంటే, ఆ చదువు తమవాళ్ళకి అంటకుండా పక్క గదిలో వీళ్ళు వేరే ప్రార్థన చెప్పుకునేవాళ్ళు.

దీనికంతటికీ ఒక ఏర్పాటు ఉండేది. పండగల లెక్క చూసేవాడొకడు, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చేవాడొకడు, కబురు మోసేవాడొకడు. లెక్క చూసేవాడు ఏ రోజు ఏ పండగో కట్టి చెప్తే, ఆ రోజున ఆడవాళ్ళు సూది పట్టుకునేవాళ్ళు కాదు.

1865 మార్చి 17న ఉరకమి ఊరి జనం పదిహేనుమంది దాకా నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఓఉరా గుడికి వెళ్ళారు. అక్కడ బెర్నార్ పెతిజాన్ అనే ఫ్రెంచి ఫాదర్ ఉన్నాడు. ఒకామె దగ్గరికొచ్చి, మా మనసూ మీ మనసూ ఒకటేనని మెల్లగా చెప్పి, మరియమ్మ బొమ్మ ఎక్కడని అడిగింది. ఇది అందరూ చెప్పే కథ. నాకు దాని తర్వాతి ముక్క ఇష్టం. మాకిప్పుడు దుఃఖ దినాలు జరుగుతున్నాయి, మీరూ పాటిస్తారా అని అడిగారట. ఇవాళ పదిహేడో రోజు అన్నారట. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 16. మనం భస్మ బుధవారం అనేది మార్చి 1న పడింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, 17వ తేదీకి సరిగ్గా పదిహేడో రోజు. ఫాదర్ లేకుండా 221 ఏళ్ళు, ఒక్క రోజు తేడా రాలేదు.

ఇక్కడికొచ్చేసరికి నా కంఠతా వాదం గెలిచినట్టే. ఆ రాత్రి పడుకోబోతూ ఇదే రాయాలనుకున్నాను. తొక్కినవాళ్ళే నిలబెట్టారు, చేతులెత్తినవాళ్ళు కాదు, ఆ మైకాయనకి చెప్పండి అని.

తెల్లారేసరికి ఇకిత్సుకి గుర్తొచ్చి చిక్కొచ్చిపడింది. అదీ ఆ ప్రాంతపు దీవే. అక్కడివాళ్ళు లాటిను, పోర్చుగీసు, జపనీసు కలగలిసిన ప్రార్థనలు తరతరాలుగా నోటికే నేర్చుకున్నారు. ఎన్నో ముక్కలకి అర్థం చెప్పేవాళ్ళు లేరు. నిషేధం పోయి ఫాదర్లు తిరిగొచ్చాక వీళ్ళలో చాలామంది గుడికి పోలేదు. తాతముత్తాతలు ఎలా చెప్పారో అలాగే చెప్పుకుంటామన్నారు. నోటికి రావడమొక్కటే గీటురాయి అయితే వీళ్ళని మించినవాళ్ళు లేరు. వాళ్ళది తక్కువ భక్తి అని నేననను, పూర్వీకులని విడిచిపెట్టకపోవడం చిన్న సంగతి కాదు. కానీ ఉరకమి దారి వేరైందంటే కంఠతా ఒక్కటే కారణం కాదన్నమాట.

ఉరకమిలో 1867లో జరిగింది ఇది. చావులకి బౌద్ధ సన్యాసిని పిలవడం మానేశారు. పక్క గది ప్రార్థన ఇక చాలన్నారు. అరెస్టులు, చిత్రహింసలు మొదలయ్యాయి. సెన్‌ఎమోన్ అనే రైతు నిలబడ్డాడు, తక్కినవాళ్ళు దాదాపు అందరూ లొంగిపోయారు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు కాబోలు, మళ్ళీ వెళ్ళి, మేమన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని అధికారులకి చెప్పారు. 1868 నుంచి ఊరు ఊరంతా, 3,400 మంది దాకా, దూర ప్రాంతాలకి పంపేశారు. 600 మందికి పైగా తిరిగి రాలేదు. 1873లో నిషేధపు పలకలు దించాక వచ్చినవాళ్ళు, ఏటా తమ చేత బొమ్మ తొక్కించిన ఆ ఊరి పెద్ద ఇల్లూ స్థలమూ కొన్నారు. పెద్ద గుడి కట్టింది అక్కడే. 1945 ఆగస్టు 9న బాంబు పడ్డప్పుడు ఆ గుడిలో పాపసంకీర్తనాలు జరుగుతున్నాయి. విచారణలో 12,000 మంది ఉంటే దాదాపు 8,500 మంది పోయారు.

తొక్కినవాళ్ళ మనవలు 'తొక్కం' అన్నారు. ఎండోని చదివినవాళ్ళకి, నాక్కూడా, తొక్కినా పర్వాలేదని చెప్పుకోవడం హాయిగా ఉంటుంది. ఆ ఊళ్ళవాళ్ళు పర్వాలేదని ఎన్నడూ అనుకోలేదు. అనుకుని ఉంటే ఆ రాత్రి ప్రార్థన ఎందుకు? తొక్కడం పాపమేనని ఏటేటా ఒప్పుకున్నారు, కాబట్టే అది అలవాటు కాలేదు. చేతులెత్తమన్నాయన అడిగింది తప్పేమీ కాదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. వాళ్ళూ చివరికి ఎత్తారు. ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తారు. ఆ దించిన చెయ్యి మళ్ళీ ఎలా లేస్తుందో ఆయన చెప్పలేదు, అదీ నా ఫిర్యాదు.

సర్టిఫికెట్ సంగతిని దీనితో ఒకే గాటన కట్టను. అక్కడ ప్రాణం, ఇక్కడ సీటూ ఉద్యోగమూ. పైగా 1950 ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది, తర్వాత సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చింది, క్రైస్తవుల్ని బయటే ఉంచింది. గుడికి వెళ్ళడం మొదలెట్టగానే మాలపల్లెనీ మాదిగపల్లెనీ ఊరు వేరుగా చూడటం మానేసిందా? అబద్ధం ఎవరిదో తేల్చేటప్పుడు ఆ ఉత్తర్వుని కూడా బోనులో నిలబెట్టాలి. కానీ 'కాగితమే కదా' అని నవ్వేసే మా వాళ్ళని చూస్తే, నాగసాకివాళ్ళు అలా నవ్వలేదని చెప్పాలనిపిస్తుంది. పైట సర్దుకున్నామె కూడా నవ్వలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సండే స్కూలు కంఠత వాక్యాల పట్టిక తీసి చూశాను. 23వ కీర్తన ఉంది, 91వది ఉంది, ధైర్యానికి సంబంధించినవి బోలెడున్నాయి. 51వ కీర్తన లేదు. టీచరమ్మని అడిగితే, "పసిపిల్లలకి అంత పశ్చాత్తాపం ఎందుకండీ, భయపడతారు" అంది. పదో తరగతికైనా పెట్టమన్నాను. పాస్టరుగారిని అడగాలంది. జూన్‌లో కొత్త పట్టిక వేస్తారట. అర్జీ రాసిచ్చాను, ఈసారి సంఖ్య పెంచమని అడగలేదు.