పది లక్షల ఉత్తరాల మోత

10 జీబీల సినిమా ఫైలు ఒక్కటైతే హార్డ్ డిస్కు నుంచి నిమిషం చిల్లరలో కాపీ అయిపోతుంది. అదే 10 జీబీలు 10 లక్షల బుల్లి ఫైళ్లయితే? మెయిల్‌డిర్ పద్ధతిలో నడిచే మెయిల్ సర్వర్‌లో ప్రతి ఉత్తరమూ విడి ఫైలే. ఒక్కోదాన్నీ వెతకాలి, తెరవాలి, చదవాలి, మూయాలి. తిరిగే డిస్కు హెడ్డు సెకనుకు సుమారు వంద చోట్లకు గెంతగలదు. ఫైలుకు ఒక్క గెంతు చాలనుకున్నా రెండు గంటల ముప్పావు!

రాత్రిపూట బ్యాకప్ తీసేటప్పుడు ఈ చిక్కు విప్పే సిస్టమ్ అడ్మిన్ల పనితనమంటే నాకెంతో గౌరవం. కొందరు ఫైళ్లను పేర్ల వరుసలో కాక ఐనోడ్ నంబర్ల (ఫైల్ సిస్టమ్ ఒక్కో ఫైలుకూ ఇచ్చే సంఖ్యల) వరుసలో చదివిస్తారు. డిస్కు మీద దగ్గర దగ్గరగా ఉన్నవి చాలావరకు వెంట వెంటనే వస్తాయి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాలను వీధుల వారీగా పేర్చుకుని బయల్దేరినట్టన్నమాట. నెట్‌వర్క్ మీదికి వచ్చేసరికి అన్నిటినీ టార్‌తో ఒకే మూటగా కట్టి పంపుతారు. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోని సాధనం అది, ఇంకా చెమటోడుస్తూనే ఉంది.

1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ తెచ్చిన ఆర్‌సింక్ మారినవే పంపుతుంది. కానీ ఏవి మారాయో తేల్చడానికి అన్నిటినీ తడమాల్సిందే. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చేతిలో ఉన్నవాళ్లు ఆ తడుములాటే పెట్టుకోరు. స్నాప్‌షాట్ తీసి, నిన్నటి నుంచి ఇవాళ్టికి మారిన బ్లాకులనే పంపిస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే.

తెల్లారాక మంచి అడ్మిన్ బ్యాకప్‌లోంచి తాను ముందే పెట్టుకున్న పరీక్ష ఉత్తరాన్ని వెనక్కి తెప్పించి, తెరిచి, చివరి అక్షరం దాకా చూస్తాడు. ఆ తర్వాతే టీకి లేస్తాడు.