రక్తపరీక్ష చెప్పిన జోస్యము

2020వ సంవత్సరము మే నెలలో 'నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్' అను పత్రికలో చైనా శాస్త్రజ్ఞుల వ్యాసమొకటి వెలువడినది. ఊహాన్ నగరములోని టోంజీ ఆసుపత్రిలో చేరిన 485 మంది కొవిడ్ రోగుల వివరములను కంప్యూటరుకు అందించి, ఎవరు బ్రతుకుదురో ఎవరు మరణింతురో తెలుపగల సూత్రమును వారు రాబట్టినారు. 10 రోజులకు పైగా ముందుగానే, నూటికి 90 పాళ్ళకు మించి ఇది సరిగా చెప్పునట. పడకలు, శ్వాసయంత్రములు చాలని ఆ దినములలో ఇది చిన్నమాట కాదు. ఎవరిని ముందు చూడవలెనన్న నిర్ణయమే ఇట్టి సూత్రముపై ఆధారపడవచ్చును.

సూత్రములోని అంశములు మూడే. లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అను ఎంజైము శరీరములోని కణములన్నిటిలోను దాదాపుగా ఉండును. కణములు చితికినపుడు రక్తములోనికి వచ్చును. సి-రియాక్టివ్ ప్రోటీనును, ఒంటిలో వాపు రేగినపుడు, కాలేయము మెండుగా తయారుచేయును. మూడవది లింఫోసైట్లు అను తెల్లకణముల పాలు. వ్యాధి ముదిరినకొలది ఇవి తగ్గును. ఎంజైము లీటరుకు 365 యూనిట్లు చేరినచో సూత్రము తక్కిన రెంటిని చూడక మరణమనియే తీర్పు చెప్పును. నల్లబల్లమీద రెండు నిమిషములలో గీసి చూపదగిన సూత్రమిది. కారణము చెప్పకుండ ఫలితము మాత్రమే చెప్పు యంత్రగణనములకంటె ఇది మేలైనదని ఒప్పుకొనవలెను.

చిక్కు మరొకచోట ఉన్నది: రక్తము ఎప్పుడు తీసినది? ఈ సూత్రమును తయారుచేయుటకు వాడినది ప్రతి రోగికిని చివరిసారి తీసిన రక్తపు ఫలితము. మరణించినవారి విషయములో అది ఎక్కువగా అంత్యదశలోని రక్తమే గదా! వాకిట నీరు నిండిన పిదప వరద రానున్నదని చెప్పుట వంటిది. ముందటి నమూనాలపైనను రచయితలు దానిని పరీక్షించిన మాట నిజమే. కాని ఆసుపత్రి గుమ్మములో వైద్యునికి కావలసినది చేరిన దినపు రక్తము చెప్పు సంగతి.

రెండవ చిక్కు లెక్కలోనిది. సూత్రము నేర్చుకొన్న 375 మందిలో 174 మంది మరణించినారు, అనగా దాదాపు సగము. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. మరణించువారిలో నూటికి 90 మందిని, బ్రతుకువారిలో నూటికి 90 మందిని సరిగా గుర్తించు పరీక్ష ఒకటి కలదనుకొందము. 200 మందిలో 100 మంది మరణించుచోట అది మరణమని చెప్పిన 100 మందిలో 90 మంది విషయము నిజమగును. అదే పరీక్షను 200 మందిలో 20 మందే మరణించుచోట వాడినచో, మరణమని చెప్పిన 36 మందిలో 18 మంది బ్రతుకుదురు. పరీక్ష మారలేదు, రోగులు మారినారు.

న్యూయార్కు, నెదర్లాండ్స్, ఫ్రాన్సు వైద్యులు తమ రోగులపై ఈ సూత్రమును ప్రయోగించి చూడగా మొదటి వ్యాసములోని ఖచ్చితత్వము కనబడలేదు. వారి అభ్యంతరములను అదే పత్రిక ప్రకటించినది. ఇది దాని గౌరవమునకు తగిన పని. 2020లోనే లండనులోని ఒక ఆసుపత్రి వైద్యబృందము ఇట్టి 22 సూత్రములను 411 మంది రోగులపై పరీక్షించినది. రోగి వయస్సు, గదిగాలి పీల్చునపుడు రక్తములోని ఆక్సిజను పాలు, ఈ రెండు ఒంటరిగా చెప్పుదానికంటె ఏ సూత్రమును అదనముగా చెప్పలేదని తేలినది. ఆ రెండవదానికి సూది కూడ అక్కరలేదు. వేలికి తగిలించు చిన్న పరికరము చాలును.

ఇంతమాత్రమున రక్తపు గుర్తులు నిరర్థకములని కాదు. బ్రిటనులో జరిగిన రికవరీ పరిశోధనలో ఆక్సిజను తగ్గి, సి-రియాక్టివ్ ప్రోటీను లీటరుకు 75 మిల్లీగ్రాములు లేక అంతకు మించి ఉన్న రోగులకు టోసిలిజుమాబ్ అను మందు ఇచ్చి చూచినారు. 2021లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 28 రోజులలో మరణించినవారు మందు పొందినవారిలో నూటికి 31, పొందనివారిలో 35. అక్కడ ఆ అంకెను అడిగినది రోగి బ్రతుకునా అని కాదు, ఈ మందు ఎవరికి ఇచ్చి చూడవలెనని.