వెలుతురుకు కట్టిన లెక్క

మా అక్క వేసిన లండన్ ప్లాను ఒక లాంగ్ నోటుబుక్కులో ఉంది. ప్రతి పేజీ పైన రెండు అంకెలు: సూర్యోదయం, సూర్యాస్తమయం. చూడాల్సిన చోట్ల పేర్లు వాటి కిందే మొదలవుతాయి. 2024 డిసెంబరులో అక్క, బావ, పదేళ్లు నిండని ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లత్త కళ్యాణదుర్గం నుంచి బయల్దేరింది ఈ పుస్తకాన్ని నమ్ముకునే. ఏజెంటు లేడు. బెంగళూరులో ఒక ఏజెంటు ఇచ్చిన ప్యాకేజీ కాగితం కూడా పుస్తకంలో మడిచి ఉంది. రోజుకు ఎనిమిది చోట్లు, ప్రతిచోటా బస్సు దిగడం, ఫోటో, మళ్లీ బస్సు. పక్కపక్కన పెట్టి చూస్తేనే అక్క పనితనం తెలుస్తుంది.

డిసెంబరు చివర్లో లండన్‌లో పొద్దు పొడిచేసరికి ఎనిమిది దాటుతుంది, నాలుగు కాకముందే కుంకుతుంది. మనకు అదే నెలలో పదకొండు గంటలకు పైగా వెలుతురు ఉంటుంది. "ఉండేది ఎనిమిది గంటల వెలుతురు. దాన్ని యాడ ఖర్చు పెట్టాలనేదే కదరా లెక్క" అంది అక్క. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ మనిషి, ఉన్న పదునును ఏ చేనికి వాడాలో చూసుకున్నట్టే వెలుతురును పంచింది. వంతెనలు, పార్కులు, నది ఒడ్డు పగటికి. మ్యూజియాలు చీకటి పడే వేళకు. మొదటి మూడు రోజులు సాయంత్రం ఆరు తర్వాత పేజీ ఖాళీ. అక్కడ రాత్రి ఏడంటే మన ఒంటికి అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ వేళకు పిల్లలు నిలబడి నిద్రపోతారని ముందే ఊహించి ఏమీ పెట్టలేదు.

రైళ్ల సంగతికొస్తే, లండన్ భూగర్భ రైలు పటం చూడ్డానికి ఎంత తేటగా ఉంటుందో అంత మాయ కూడా చేస్తుంది. హ్యారీ బెక్ అనే ఎలక్ట్రికల్ డ్రాఫ్ట్స్‌మన్ 1931లో గీసిన పద్ధతి అది, 1933లో జేబు పటంగా అచ్చయింది. గీతలన్నీ నిటారుగానో, అడ్డంగానో, 45 డిగ్రీల వాలులోనో ఉంటాయి. ఏ రైలు ఎక్కి ఎక్కడ మారాలో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. దూరం మాత్రం తెలియదు. లీసెస్టర్ స్క్వేర్‌కూ కోవెంట్ గార్డెన్‌కూ మధ్య ఉన్నది 260 మీటర్లే. అక్క ఆ పటాన్ని పక్కనపెట్టుకుని, తన పేజీలో నడక నిమిషాలతో ఇంకో పటం గీసుకుంది. అందమైన గీత కాదు, కానీ బెక్ దాచినదంతా అందులో ఉంది. స్టేషన్లలో చాలావాటికి లిఫ్టు లేదని తెలుసుకుని అత్త వెళ్లే చోట్లన్నింటికీ బస్సే రాసింది. అక్కడి బస్సుల గడప కిందికి ఉంటుంది, ఎక్కడం తేలిక. బస్సులో నగదు తీసుకోరు, 2014లోనే ఆపేశారు. పెద్దవాళ్లు ముగ్గురికీ మూడు వేరువేరు కార్డులు, పిల్లలకు టికెట్టు లేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన పేజీ డిసెంబరు 25. ఆ రోజు లండన్‌లో రైలు నడవదు, సిటీ బస్సూ నడవదు. పెద్ద దుకాణాలు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. మామూలుగా ముందు బస చూసుకుని తర్వాత రోజులు సర్దుకుంటాం. అక్క ఆ ఒక్క రోజును బట్టి బస వెతికింది. వాటర్‌లూ దగ్గర వంటిల్లున్న గది. అక్కడి నుంచి థేమ్స్ దక్షిణపు ఒడ్డు కొద్ది నిమిషాల నడక. వెస్ట్‌మినిస్టర్ వంతెన దాకా అత్త కూడా వస్తుంది, అక్కడి నుంచి టవర్ బ్రిడ్జి వైపు పిల్లలూ బావా. పొద్దున తిండికి ఉగ్గాని. బొరుగులు సంచిలో చోటు తింటాయి గానీ బరువు తూగవు, పుట్నాలపొడి డబ్బా ఒకటి చాలు. పాల పదార్థాలు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు కాబట్టి నెయ్యి, పాలకోవా రాసి కొట్టేసింది.

బ్రిటిష్ మ్యూజియం 24 నుంచి 26 దాకా మూత. శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరుస్తారు. ఆ ఏడు 27 శుక్రవారమే పడింది. అందుకే అది ఆ సాయంత్రానికి వెళ్లింది, అదీ 33ఎ గది ఒక్కదానికే. అక్కడున్నవి అమరావతి స్తూపం శిల్పాలు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలనాటి సున్నపురాతి శిల్పాలు 1859లో ఓడలో లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. వందకు పైగా ఉన్నాయి. మిగతా మ్యూజియం ఎదురుగా అక్క రాసింది ఒకటే మాట: "వద్దు". ఈజిప్టు మమ్మీలను వదులుకోవడానికి పిల్లలతో ఎంత బేరం నడిచిందో పేజీ అంచున ఉన్న కొట్టివేతలు చెబుతాయి. రాత్రి భోజనం యూస్టన్ పక్కన డ్రమ్మండ్ వీధిలో, శాకాహార హోటళ్లలో.

ఒక్కచోట నేను ఒప్పుకోను. టవర్ ఆఫ్ లండన్‌కు ఒక పగలంతా ఇచ్చింది, కోహినూరు కోసం. కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే వజ్రమే, చూడాలనిపించడం సహజం. కానీ కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడాలి, అది మనల్ని దాటించేస్తుంది. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి ఎక్కవచ్చు, పిల్లలు ఎక్కారట కూడా. అయినా అంత విలువైన వెలుతురు ఆ చీకటి గదికి పోయింది. నేనైతే అందులో సగం నది ఒడ్డుకే ఇచ్చేవాణ్ణి.